కర్ణాటక సంగీత సాధనకు, కచేరీలు వినడానికి ఎనిమిది వేల లోపు హెడ్‌ఫోన్: ధ్వని నాణ్యతను ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: మంద్రషడ్జం (కాకినాడ)

అందరికీ నమస్కారం. నేను నలభై దాటాక గాత్రం మొదలుపెట్టిన విద్యార్థినిని. ఉద్యోగం, ఇంటిపని ముగిశాక రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర వరకే నాకు సాధనకు వీలవుతుంది. మా గురువుగారు చెన్నైలో ఉంటారు కనుక వారానికి రెండు పాఠాలు ఆన్‌లైన్‌లో జరుగుతాయి. మిగిలిన రోజుల్లో ఆ పాఠాల రికార్డింగులు, పాత కచేరీలు వింటాను. నేను పాడినదాన్ని ఫోనులో రికార్డు చేసుకుని శ్రుతి ఎక్కడ జారిందో వెతుక్కుంటాను. నా శ్రుతి (పాడే ఆధార షడ్జం స్థాయి) ఐదున్నర. పక్క గదిలో మా అబ్బాయి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు కనుక స్పీకరు పెట్టే అవకాశం లేదు.

నిరుడు నాలుగు వేలు పెట్టి ఒక బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొన్నాను. పెట్టె మీద 40 మిల్లీమీటర్ల డ్రైవర్లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు స్పందన, అదనపు బాస్ అని రాసి ఉన్నాయి. సినిమా పాటలకు ఏ లోటూ కనిపించలేదు. కచేరీ పెట్టుకుంటే మాత్రం మృదంగం తొప్పి (లోతుగా మోగే ఎడమ ముఖం) మోగినప్పుడల్లా గాయకుడి గొంతు గోడ అవతలికి వెళ్లిపోయినట్లు ఉంటుంది. తంబురా ఉందని తెలుస్తుందే తప్ప దాని జీవా (తీగ మోగుతుండగా వచ్చే ఝుంకారం) చెవికి అందదు. పాఠం జరిగే సమయంలో పరిస్థితి ఇంకా దారుణం. గురువుగారి గొంతు పాతకాలపు టెలిఫోనులో వచ్చినట్లు వస్తుంది, సాహిత్యంలో ‘స’ పలికారో ‘శ’ పలికారో మళ్లీ అడగవలసి వస్తుంది.

ఎనిమిది వేల వరకు పెట్టగలను. లోపం నా చెవిలో ఉందా, హెడ్‌ఫోన్‌లో ఉందా అన్నది నాకు ముందు తేలాలి. ఆ తరువాత, చెవిని పూర్తిగా మూసే రకం కొనాలా, గాలి ఆడే ఓపెన్ రకం కొనాలా, వైరుది మేలా, ఆంప్లిఫయర్ అవసరమా అన్నది చెప్పగలరు. మా ఊరి దుకాణాల్లో పెట్టె విప్పి వినిపించమంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు. వినకుండా కొనవలసి వస్తే దేన్ని బట్టి నిర్ణయించుకోవాలో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: తెరవెనుక (హైదరాబాద్)

మంద్రషడ్జం గారికి నమస్కారం. నేను ఒక డబ్బింగ్ స్టూడియోలో పదిహేనేళ్లుగా రికార్డిస్టుగా పనిచేస్తున్నాను. రోజుకు ఏడెనిమిది గంటలు హెడ్‌ఫోన్ పెట్టుకుని మనుషుల మాటలు వినడమే నా ఉద్యోగం. మీరు గమనించిన తేడాలన్నీ నిజంగా ఉన్నవే, మీ చెవి బాగానే ఉంది. అయితే వాటికి కారణం ఒకటి కాదు, రెండు.

మొదటిది ఆ అదనపు బాస్. ఐదున్నర శ్రుతిలో మీ ఆధార షడ్జం సుమారు 208 హెర్ట్జ్ దగ్గర, మంద్ర పంచమం సుమారు 156 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. బాస్ బాగా వినిపించాలని చేసే హెడ్‌ఫోన్లలో చాలావాటికి 60 హెర్ట్జ్ దగ్గర మొదలైన ఉబ్బు 250 హెర్ట్జ్ దాకా పాకి ఉంటుంది. అంటే మీ గొంతు కింది స్థాయి మొత్తం ఆ ఉబ్బులోనే మునిగిపోతుంది. అంతేకాక, కింది స్థాయిలో పెద్ద శబ్దం ఉంటే దానికి పైనున్న చిన్న శబ్దాలను చెవి పట్టుకోలేదు. తొప్పి మోగినప్పుడు గొంతు వెనక్కి పోవడానికీ, తంబురా జీవా కనుమరుగు కావడానికీ కారణం అదే. తీగకూ, అది ఆనే గుర్రం అనే చెక్కకూ మధ్య పెట్టే దారం వల్ల తంబురాకు జీవా వస్తుందని మీకు తెలుసు. ఆ జీవా ఆధార స్వరంలో కాక, దాని మీద పేర్చుకుంటూ పోయే పై స్వరాలలో (ఓవర్‌టోన్లలో) ఉంటుంది. రెండు మూడు కిలోహెర్ట్జ్‌ల నుంచి పై భాగం స్పష్టంగా లేని హెడ్‌ఫోన్‌లో ఎంత ఖరీదైన తంబురా అయినా రొద లాగే వినిపిస్తుంది.

రెండో కారణం పాఠం సమయంలో మాత్రమే పనిచేస్తుంది కనుక చాలామంది దాన్ని గుర్తించరు. మీరు బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు ఉన్న మైకులోనే మాట్లాడుతున్నట్లయితే, మైకు తెరుచుకోగానే అది పాటలు వినే పద్ధతి నుంచి ఫోను మాట్లాడే పద్ధతికి మారిపోతుంది. ఆ పద్ధతిలో సాధారణంగా శబ్దాన్ని సెకనుకు 8 వేల సార్లు, కొంచెం మెరుగైన పరికరాల్లో 16 వేల సార్లు మాత్రమే నమూనా తీస్తారు. అందులో సగం వరకే శబ్దం మిగులుతుంది కనుక 4 కిలోహెర్ట్జ్‌ల పైన గాని, 8 కిలోహెర్ట్జ్‌ల పైన గాని ఉన్నదంతా తెగిపోతుంది. ‘స’ అక్షరానికి ప్రాణం ఉండేది ఐదు కిలోహెర్ట్జ్‌ల పై భాగంలో. ‘శ’ దానికి కిందనే తేలిపోతుంది. పై భాగం తెగితే రెండూ ఒకటే అవుతాయి. కొత్తది కొనేలోపే ఒక పని చేసి చూడండి: పాఠం జరిగేటప్పుడు ఆ యాప్‌లో మైకుగా ఫోనునే ఎంచుకోండి, వినడానికి ఏదైనా మామూలు వైరు ఇయర్‌ఫోన్ వాడండి. జూమ్ వాడుతున్నట్లయితే సంగీతకారుల కోసం ఇచ్చిన ఒరిజినల్ సౌండ్ సెట్టింగును కూడా మీరిద్దరూ ఆన్ చేసుకోవాలి. లేకపోతే తంబురాను ఫ్యాను చప్పుడుగా భావించి ఆ యాపే దాన్ని తొక్కేస్తుంది.

వైరు విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరడానికి మామూలుగా సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. నిమిషానికి 75 అక్షరాల (తాళంలో లెక్కించే దెబ్బల) నడకలో ఒక అక్షరం 0.8 సెకను ఉంటుంది, చతురశ్ర గతిలో దానికి నాలుగు మాత్రలు కనుక ఒక మాత్ర 0.2 సెకను. అంటే మీరు పాడుతూ మీ గొంతును బ్లూటూత్ ద్వారా వినాలనుకుంటే ఒక పూర్తి మాత్ర వెనకబడి వింటారు. వినడానికి మాత్రమే అయితే ఆ ఆలస్యం పట్టించుకోనక్కరలేదు. సాధనకు మాత్రం అది పనికిరాదు.

ఇక మూసిన రకమా, ఓపెన్ రకమా అన్నది. మైకు ముందు పాడుతూ ఓపెన్ హెడ్‌ఫోన్‌లో తంబురా వింటే ఆ తంబురా మైకులోకి కారుతుంది, రికార్డింగులో మీ శ్రుతిని వేరుగా వినలేరు. మూసిన రకంలో ఆ బాధ లేదు కానీ వేరొక చిక్కు ఉంది. చెవులు మూసుకుని ఒకసారి షడ్జం పట్టి చూడండి. మీ గొంతు ఎముకల ద్వారా లోపలికి వచ్చి బయటికి పోలేక బాగా లావుగా మోగుతుంది. ఆ మోతను నమ్మి పాడితే శ్రుతి జారినా తెలియదు. అందుకే స్టూడియోల్లో గాయకులు ఒక చెవి మీద నుంచి కప్పును వెనక్కి జరుపుకుని పాడతారు. మీకు పక్క గదిలో చదువుకునే పిల్లవాడు ఉన్నాడు కనుక మూసిన రకమే తీసుకోండి, పాడేటప్పుడు ఒక చెవి వదిలేయండి. చెవి రంధ్రంలోకి దూరే ఇయర్‌ఫోన్లలో ఆ మోత ఇంకా ఎక్కువ కనుక అవి వినడానికే మంచివి.

మోడళ్ల పేర్లు అడగలేదు కానీ నాకు వాడి అలవాటైనవి చెబుతాను. ఆడియో టెక్నికా ఎమ్40ఎక్స్ మూసిన రకం, 35 ఓమ్‌లు (విద్యుత్ నిరోధపు కొలత; ఇది తక్కువే), ఫోనుతో నడుస్తుంది, కేబుల్ ఊడదీసి మార్చుకోవచ్చు. గొంతుకు తగినంత నిజాయతీగా ఉంటుంది. ఏకేజీ కే240 స్టూడియో సగం ఓపెన్ రకం, 55 ఓమ్‌లు, తల మీద తేలికగా కూర్చుంటుంది, గొంతు, వయొలిన్ అందులో చాలా సహజంగా వస్తాయి కానీ శబ్దం కొంత బయటికి పోతుంది. 1991లో వచ్చిన సోనీ ఎమ్‌డీఆర్ 7506 మాకు పనిముట్టు వంటిది. మాటలో చిన్న పెదవి చప్పుడు కూడా పట్టి ఇస్తుంది కానీ పై భాగం చురుకుగా ఉంటుంది కనుక రెండు గంటల కచేరీ హాయిగా వినడానికి దాన్ని నేను సిఫారసు చేయను. ధరలు నెలనెలా మారుతుంటాయి, కాస్త ఓపిక పడితే మొదటి రెండింటిలో ఒకటి మీ బడ్జెట్‌కు అటూ ఇటూగా దొరకవచ్చు.

జవాబు: గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

తెరవెనుక గారు చెప్పిన వాటితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే మంద్రషడ్జం గారూ, మీ అవసరం సంగీతం కనుక ఇంకొంత కాలం డబ్బు కూడబెట్టి ఒకేసారి మంచిది కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. నేను సెన్‌హైజర్ హెచ్‌డీ 650 వాడుతున్నాను. దాని ముందు తరం హెచ్‌డీ 600 1997లో వచ్చింది, ఈనాటికీ గొంతు వినడానికి దాన్ని కొలబద్దగా తీసుకునేవారు ఉన్నారు. కచేరీలో గాయని ఊపిరి తీసుకోవడం, వయొలిన్ కమాను తిరగడం అందులో విన్న తరువాత నేను మళ్లీ మూసిన హెడ్‌ఫోన్ పెట్టుకోలేకపోయాను. ఇవి 300 ఓమ్‌లవి కనుక విడిగా ఆంప్లిఫయర్, డాక్ (డిజిటల్ ఫైలును హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే సంకేతంగా మార్చే పరికరం) తప్పనిసరి. వాటితో పాటు పాటలను కూడా 24 బిట్ హైరెస్ ఫైళ్లుగా (సీడీ కంటే ఎక్కువ వివరంతో దాచినవిగా) సమకూర్చుకుంటేనే ఆ హెడ్‌ఫోన్‌కు న్యాయం జరుగుతుంది.

జవాబు: ఓమ్ నియమం (బెంగళూరు)

గోదావరిగట్టు గారి హెడ్‌ఫోన్ గొప్పదన్న దానిలో నాకు సందేహం లేదు. అయితే ‘తప్పనిసరి’ అన్న మాట చదివి కొత్తవారు అనవసరంగా ఖర్చుపడతారన్న భయంతో ఈ లెక్క రాస్తున్నాను.

హెడ్‌ఫోన్ వైరును కలపడానికి ఫోనుకు పెట్టుకునే మంచి డాంగిల్ (చిన్న అడాప్టరు) సుమారు 1 వోల్టు ఇస్తుందనుకోండి. వోల్టేజీ వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే హెడ్‌ఫోన్‌కు అందే శక్తి వస్తుంది. తెరవెనుక గారు చెప్పిన 35 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు అది సుమారు 28 మిల్లీవాట్లు. ఆ కంపెనీ ఇచ్చిన సున్నితత్వం మిల్లీవాటుకు 98 డెసిబెల్ కనుక అది 112 డెసిబెల్ దాకా పలుకుతుంది. అంత శబ్దం ఏ చెవీ భరించకూడదు. 300 ఓమ్‌ల హెచ్‌డీ 600కు 1 వోల్టు దగ్గర 97 డెసిబెల్ అని కంపెనీ చెబుతుంది. అది కూడా మామూలు వినికిడికి చాలు, కానీ చాలా తక్కువ స్థాయిలో రికార్డు చేసిన పాత కచేరీలకు మిగులు ఉండదు కనుక అక్కడ ఆంప్లిఫయర్ ఉపయోగపడుతుంది. మంద్రషడ్జం గారు కొనబోయే తరగతిలో దాని అవసరమే లేదు. ఫోనుకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేకపోతే లోపల డాక్ ఉన్న యూఎస్‌బీ సీ డాంగిల్ ఒకటి చాలు. ఆపిల్ వారి డాంగిల్ శబ్దం శుభ్రంగా ఉంటుంది కానీ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ తగ్గి వస్తుంది కనుక మీ ఫోనుతో చూసుకుని తీసుకోండి.

హైరెస్ ఫైళ్ల విషయం. మనం వినే పాత కచేరీలలో ఎక్కువ భాగం టేపు మీదనో, రేడియో ప్రసారం నుంచో వచ్చినవి, చాలావరకు మోనో. ఆ టేపు రొద 16 బిట్ల సీడీ పరిధిలోనే సులభంగా ఇమిడిపోతుంది. 24 బిట్లలో దాచినంత మాత్రాన టేపులో లేనిది పుట్టుకురాదు. ఆ డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టడమే లాభం.

ధరకూ నాణ్యతకూ ఉన్న సంబంధం గురించి కూడా ఒక మాట. అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో 2017లో వచ్చిన ఒక వ్యాసం 283 హెడ్‌ఫోన్ల ఫ్రీక్వెన్సీ స్పందనను వాటి ధరలతో పోల్చి చూసి, రెండింటికీ పొంతన లేదని తేల్చింది. ఎక్కువ డబ్బుకు మంచి లోహం, మెత్తని దిండ్లు, మన్నిక దొరకవచ్చు. స్వరభేదాలు సరిగ్గా వినిపిస్తాయన్న హామీ మాత్రం ధరలో ఉండదు. హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ శ్రోతలకు హెడ్‌ఫోన్ పేరు, ధర తెలియకుండా పరీక్షలు జరిపినప్పుడు, మంచి గదిలో మంచి స్పీకర్లు వింటే ఎలా ఉంటుందో దానికి దగ్గరగా పలికేవాటినే ఎక్కువమంది ఇష్టపడ్డారు. నేడు వినకుండా కొనేవారికి ఇదే ఆధారం. ఏ మోడల్ పేరు వెతికినా దానిని కొలిచి గీసిన గ్రాఫులు దొరుకుతాయి. 100 నుంచి 300 హెర్ట్జ్‌ల మధ్య గుట్ట లేచిందా, 3 కిలోహెర్ట్జ్‌ల ప్రాంతంలో లోయ పడిందా అన్న రెండే చూడండి. గుట్ట లేస్తే మీ మంద్రస్థాయి బురదవుతుంది, లోయ పడితే గొంతు దూరమవుతుంది. పెట్టె మీద రాసే 20 నుంచి 20 వేల హెర్ట్జ్‌లు అన్న అంకెలు దేనికీ పనికిరావు, ఎందుకంటే ఆ రెండు కొసల మధ్య ఎక్కడ ఎన్ని డెసిబెల్ పెరిగిందో, తగ్గిందో అవి చెప్పవు.

ఎనిమిది వేలు కూడా ఒకేసారి పెట్టనక్కరలేదని అనిపిస్తే, మూన్‌డ్రాప్ చూ, సెవెన్ హెర్ట్జ్ జీరో వంటి వైరు ఇయర్‌ఫోన్లు దాదాపు రెండు వేల తరగతిలో వస్తాయి, కచేరీ వినడానికి మాత్రమే అయితే అవి ఆ ధరకు ఆశ్చర్యకరంగా పలుకుతాయి. పాడేటప్పుడు మూసుకున్న చెవిలో వచ్చే మోత గురించి తెరవెనుక గారు చెప్పింది మాత్రం గుర్తుంచుకోండి.

జవాబు: సాగరతీరం (విశాఖపట్నం)

మీరు కళ్లద్దాలు పెట్టుకుంటారా? ఎవరూ ఆ విషయం అడగలేదు కనుక అడుగుతున్నాను. మూసిన హెడ్‌ఫోన్‌లో బాస్ అంతా కప్పు చెవి చుట్టూ గాలి చొరకుండా అతుక్కోవడం మీదనే ఆధారపడి ఉంటుంది. అద్దాల కాడ దగ్గర సందు పడితే తొప్పి చప్పుడు పలచబడుతుంది, అప్పుడు హెడ్‌ఫోన్‌లో బాస్ లేదని మనం పొరబడతాం. నేను ఏడాది పాటు అలాగే పొరబడ్డాను. సన్నని కాడల ఫ్రేముకు మారాక తేడా తెలిసింది.

రెండో సంగతి మన కోస్తా ఉక్కపోత. కృత్రిమ తోలు దిండ్లు చెమటకు రెండు మూడు వేసవులలో నల్లని పొరలుగా రాలిపోతాయి. అదే మోడల్‌కు విడి దిండ్లు మన దేశంలో దొరుకుతాయో లేదో కొనే ముందే చూసుకోవాలి. దిండ్ల మందం, బట్ట మారితే శబ్దం కూడా మారుతుంది కనుక ఏదో ఒకటి తెచ్చి తొడిగితే సరిపోదు.

మంద్రషడ్జం (కాకినాడ)

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా జవాబిస్తున్నందుకు మన్నించండి; చెప్పినవన్నీ చేసి చూశాకే రాయాలనుకున్నాను.

మైకును ఫోనుకు మార్చి, ఇంట్లో మూలన పడి ఉన్న పాత వైరు ఇయర్‌ఫోన్‌తో పాఠం విన్నాను. మొదటి నిమిషంలోనే గురువుగారి ‘స’ విడిగా వినిపించింది. పల్లవి రెండో సంగతిలో ఆయన గాంధారం మీద వేసే చిన్న కంపితాన్ని నేను ఇన్ని నెలలుగా నిలకడ స్వరంగా పాడుతున్నానని ఆ రోజే తెలిసింది. నాకు సంతోషమూ బాధా రెండూ కలిగాయి.

పోయిన వారం మా అక్కగారింటికి హైదరాబాదు వెళ్లినప్పుడు, సంగీత పరికరాలు అమ్మే ఒక దుకాణంలో బతిమాలితే ఎమ్40ఎక్స్, కే240 రెండూ వినిపించారు. నేను తీసుకెళ్లినవి మూడు రికార్డింగులు: ఒక పాత మోనో కచేరీ, తంబురా ఒక్కటే రెండు నిమిషాలు, మా అమ్మ ఇంట్లో కూర్చుని సుమతీ శతకంలో నాలుగు పద్యాలు చదివినది. మా అమ్మ గొంతు నాకు కచేరీల కంటే బాగా తెలుసు కనుక అదే ఎక్కువ ఉపయోగపడింది. కే240లో ఆమె పక్కన కూర్చుని చదువుతున్నట్లే ఉంది. ఎమ్40ఎక్స్‌లో కొంచెం దగ్గరగా, కొంచెం లావుగా ఉంది కానీ తొప్పి, గొంతు విడివిడిగా నిలబడ్డాయి. మొదట ఎమ్40ఎక్స్ చాలా మెరుగనిపించింది. తీరా చూస్తే అది బిగ్గరగా పలుకుతోంది. రెండింటి వాల్యూమ్ సమం చేసి మళ్లీ విన్నాక ఆ తేడా సగానికి పైగా పోయింది. గొంతు విషయంలో నా మనసు కే240 వైపే మొగ్గింది. అయితే దానిలో తంబురా పెట్టినప్పుడు మూడడుగుల దూరంలో నిలబడిన మా అక్కకు శ్రుతి కూడా తెలిసిపోయింది కనుక, అబ్బాయి పరీక్షలను తలచుకుని ఎమ్40ఎక్స్ తీసుకున్నాను.

నాకు కళ్లద్దాలు ఉన్నాయి, కాడలు లావువే. అద్దాలు తీసి వింటే తొప్పి నిండుగా వస్తోంది, పెట్టుకుంటే పలచబడుతోంది. సాగరతీరం గారు అడగకపోయి ఉంటే ఈ లోపాన్ని కూడా హెడ్‌ఫోన్ మీదనే వేసేదాన్ని. ఒక్క సందేహం మిగిలింది: కప్పులు గంటసేపటికే కణతల దగ్గర బిగుస్తున్నాయి. ఇది తగ్గుతుందా?

తెరవెనుక (హైదరాబాద్)

తగ్గుతుందండీ. మీ తల కంటే కొంచెం వెడల్పు ఉండేటట్లు నాలుగైదు లావుపాటి పుస్తకాలు పేర్చి, రాత్రిళ్లు హెడ్‌ఫోన్‌ను వాటికి తొడిగి ఉంచండి. వారంలో పట్టు సడలుతుంది. మరీ వెడల్పుగా పెట్టకండి. పట్టు పూర్తిగా పోతే కప్పు అతుక్కోదు, అప్పుడు కళ్లద్దాలు లేకపోయినా బాస్ జారిపోతుంది. పాడేటప్పుడు ఏ చెవి వదలాలన్నది రెండు వైపులా ప్రయత్నించి చూసుకోండి. వదిలిన చెవి వైపు కప్పును గాలిలోకి తిప్పి ఉంచకుండా తలకే ఆనించండి, లేకపోతే తంబురా అక్కడి నుంచి మీ మైకులోకి వచ్చేస్తుంది.